కరవునేలయందు క్షమ: తెలుగు బైబిలు పలుకుబడి

క్షమాగుణమును ప్రశంసించు పద్యములకు ఆంధ్రవాఙ్మయమున కొఱత లేదు. వానిలో పెక్కింట క్షమ యనగా ఓర్పు. ఒరులొనర్చిన కీడును నోరెత్తక భరించుట. అమరసింహుడు క్షమాశబ్దమునకు భూమి యనియు ఓర్పనియు రెండర్థములు చెప్పినాడు. త్రొక్కినను త్రవ్వినను సహించునది గనుక భూమికి సర్వంసహ యనియు పేరు. ఈ సంస్కారముతో పెరిగిన చదువరి క్రైస్తవగ్రంథములయందు క్షమ యను మాట కనబడినప్పుడు, అదియు ఓర్పే యని తలచుట సహజము. తెలుగు బైబిలును నిదానించి చదివినచో ఆ మాటకు వేఱొక మూలము గోచరించును. మత్తయి సువార్తలో యేసు శిష్యులకు నేర్పిన ప్రార్థనయందు క్షమింపబడునవి ఋణములు, క్షమింపబడువారు ఋణస్థులు. ఇచ్చట క్షమ యనగా రావలసిన బాకీని కొట్టివేయుట.

ఓర్పునకును బాకీ కొట్టివేతకును గల భేదము స్వల్పమైనది కాదు. ఓర్చుకొనువాడు తనకు కలిగిన నష్టమును లెక్కింపకపోవచ్చును. బాకీ కొట్టివేయువాడు ముందుగా లెక్క చూడవలెను. ఎంత పోయినదో, ఎవనివలన పోయినదో పలుకవలెను. పిమ్మట ఆ నష్టమును తాను వహించి కాగితమును చింపవలెను. ఆప్తులవలన మోసపోయినవానికి ఈ రెండు మార్గములలో ఏది చూపబడుచున్నది యను ప్రశ్న కేవల శబ్దవిచారము గాదు. వాని జీవితమునకు సంబంధించినది.

అనంతపురపు పీఠభూమి ఈ మాటను పరీక్షించుటకు తగిన చోటు. పడమటి కనుమలు నైరృతి ఋతుపవనము నడ్డగించుటచేతను, ఈశాన్య ఋతుపవనము తీరము దాటి యింతదూరము వచ్చునప్పటికి బలహీనమగుటచేతను, ఇచ్చట ఏటి వర్షపాతము సగటున సుమారు 550 మిల్లీమీటరులు మాత్రమే. అదియు అదనున పడునను నమ్మకము లేదు. 1876-78 నాటి మహాక్షామకాలమున ఈ ప్రాంతము బళ్లారి జిల్లాలోనిది. 1882లో అనంతపురము వేఱు జిల్లా యయ్యెను. 2022లో అందుండి శ్రీ సత్యసాయి జిల్లా విడివడెను. హద్దులు మాఱినను, విత్తనమునకు అప్పు, అప్పునకు తాకట్టు, వాన తప్పినచో వలస యను క్రమము వేరుసెనగ చేలకు పరిచితమే. అట్టి యేడులలో అప్పు అన్నదమ్ముల నడుమను జొచ్చును. ఉమ్మడి పొలముపై ఒకడు చాటుగా వ్రాసియిచ్చిన పత్రము, వలసపోయిన తమ్ముని పాలు అమ్ముకొన్న అన్న, జామీను నిలిచినవానిని విడిచి పోయిన బావమఱది: ఇట్టి ద్రోహములకు కరవు కారణము కాకున్నను అవకాశ మగును.

ఈ నేలకు క్రైస్తవకథ క్రొత్తది కాదు. పదునెనిమిదవ శతాబ్ది పూర్వార్ధముననే ఫ్రెంచి జెసూటు గురువులు కృష్ణాపురమునుండి తమ దేశమునకు లేఖలు వ్రాసిరి. పందొమ్మిదవ శతాబ్దిని లండను మిషనరీ సంఘము గుత్తియందు పనిచేసెను. తెలుగున తొలిసారి అచ్చుపడిన సువార్తలు దేగ్రాంజి అను మిషనరీయు ఆనందరాయరును విశాఖపట్టణమున సిద్ధపఱచినవి. అవి 1812లో శ్రీరామపురమున ముద్రితములయ్యెను. పద్యకవులును ఈ కథను విడువలేదు. మంగళగిరి ఆనందకవి పదునెనిమిదవ శతాబ్దిని వేదాంతరసాయనమును రచించెను. గుఱ్ఱము జాషువ క్రీస్తుచరిత్రకు 1964లో సాహిత్య అకాడెమి పురస్కారము లభించెను. ఈ కావ్యముల కీర్తిలో గద్యానువాదపు పలుకుబడి మఱుగుపడరాదు. పల్లెలోని విశ్వాసి దినదినము వినునది ఆ గద్యమునే.

ఆ గద్యమున రెండు మాటలు ప్రత్యేకముగ పరిశీలింపదగినవి. మొదటిది పైన చెప్పిన ఋణము. మత్తయి సువార్త పదునెనిమిదవ అధ్యాయమున పేతురు, తన సహోదరుని ఎన్నిమాఱులు క్షమింపవలె నని యడుగును. దానికి ప్రత్యుత్తరముగా వచ్చిన ఉపమానమున ఒక దాసునికి రాజు పదివేల తలాంతుల బాకీ విడిచిపెట్టును. ఆ దాసుడు తనకు నూఱు దేనారములు రావలసిన తోటిదాసుని గొంతు పట్టును. దేనారము ఒక దినపు కూలి. తలాంతు ఆఱువేల దేనారములు. ఒకటి ఆఱుకోట్ల దినముల కూలి. రెండవది నూఱు దినముల కూలి. వ్యాఖ్యాతలు సామాన్యముగా రెండవ బాకీని అత్యల్పముగా గణింతురు. అనంతపురమున చదువువా డట్లు గణింపలేడు. 2006 ఫిబ్రవరి 2వ తేదిని జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము ఈ జిల్లాలోని బండ్లపల్లెయందే ప్రారంభింపబడినప్పుడు, ఒక కుటుంబమునకు ఏటికి హామీ ఇయ్యబడిన పని నూఱు దినములు. నూఱు దినముల కూలి పేదకుటుంబమునకు కరవు గడచుటకు ఆధారము. కావున ఉపమానము చిన్నబాకీని హేళన చేయుట లేదు. సహోదరుడు చేసిన నష్టము నిజముగ నష్టమే యని యొప్పుకొని, అంతకంటె పెద్ద విడుదలను ముందుగా పొందినవానికే దానిని విడుచు శక్తి కలుగునని చెప్పుచున్నది. ఆ అధ్యాయముననే, ఈ ఉపమానమునకు ముందు, తప్పు చేసిన సహోదరుని ఒంటరిగా కలసికొని వాని తప్పును వానికి తెలుపుమను విధి గలదు. మౌనము క్షమకు మొదటి మెట్టు కాదు.

రెండవ మాట అప్పగించు. యూదా యేసునకు చేసిన పనిని తెలుగు సువార్తలు ఈ క్రియతోనే చెప్పును. తెలుగువారి యింట ఈ మాటకు మంగళకరమైన స్థానము గలదు. పెండ్లియందు కన్యను అత్తవారి చేత పెట్టు తంతు అప్పగింతలు. తన యధీనమున నున్నదానినే యెవడైన అప్పగింపగలడు. కాబట్టి అన్యుడు దోచుకొనును, ఆప్తుడు అప్పగించును. ఇంతటితో నిలిచినచో అది చమత్కారము మాత్రమే. ఆ క్రియయే సిలువపై యేసు ప్రాణము విడుచు ఘట్టమున మరల వచ్చును. ఆయన తన యాత్మను తండ్రి చేతికి అప్పగించును. పేతురు మొదటి పత్రికయందును, దూషింపబడియు బదులు దూషింపక, న్యాయముగ తీర్పు తీర్చువానికి తన్ను తా నప్పగించుకొనె నని గలదు. ఆ పత్రిక యెవని పేర నున్నదో ఆ పేతురు, ప్రభువు నెఱుగనని ముమ్మాఱు బొంకినవాడే. ఒక యప్పగింతవలన చెడినవానికి మఱియొక యప్పగింత శరణ్య మగుచున్నది. మోసపోయినవాడు తన వ్యాజ్యమును నీతిగల చేతిలో పెట్టుటయే ఇచ్చట విశ్వాసము. అతడు వ్యాజ్యమును మఱచిపోలేదు; తీర్పరి పీఠమునుండి మాత్రము తాను దిగినాడు.

ఈ భావమునకు పూర్వరూపము ఆదికాండములోని యోసేపు కథ. పదునేడేండ్ల బాలుని సొంత అన్నలు ఇరువది వెండినాణెములకు అమ్మిరి. ఏడేండ్లు పంటలు పండినపిదప ఏడేండ్ల కరవు వచ్చెను. ఆ కరవే యన్నలను ధాన్యమునకై ఐగుప్తున తమ్ముని యెదుట నిలిపెను. అతడు వారిని గుర్తించియు దుబాసిచేత మాటలాడించెను; చాటునకు పోయి యేడ్చెను; వెండిగిన్నెను బెన్యామీను సంచిలో పెట్టించెను. దీనిని ప్రతీకార మని భావించుట కవకాశము గలదు. కాని కథాసంవిధానము వేఱు. రాహేలు కొడుకొకడు మరల అన్నల చేతిలో నున్నాడు; వానిని విడిచి తాము సుఖముగ పోవుట కవకాశ మున్నది. పూర్వము అమ్ముదమని సలహా చెప్పిన యూదాయే ఇప్పుడు తమ్మునికి మాఱుగ తాను దాసుడై యుందునని ముందునకు వచ్చును. అప్పుడుగాని యోసేపు తన్ను తాను వెల్లడి చేసికొనడు. మాఱిన మనస్సును చూచినపిదపనే సంధి కుదిరినది.

కథ చివర తండ్రి మరణింపగా, అన్నలు మరల భయపడి క్షమ యాచింతురు. యోసేపు ఏడ్చును, తాను దేవుని స్థానమున లే ననును, వారు తలచిన కీడును దేవుడు మేలుగ త్రిప్పె ననును. వారిని, వారి పిల్లలను పోషింతు ననును. క్షమించితి నను మాట అతని నోట నెచ్చటను లేదు. కరవునాటి కథయందు క్షమకు రూపము ధాన్యము. యోహాను సువార్త తుది అధ్యాయమునను ఇదియే రీతి. బొగ్గుల మంటయొద్ద బొంకిన పేతురునకు మరల బొగ్గుల మంటయొద్దనే రొట్టెయు చేపయు పెట్టబడును. ప్రేమించుచున్నావా యను ప్రశ్న ముమ్మాఱు వేయబడును. గొఱ్ఱెలను మేపు పని యప్పగింపబడును. అచ్చటను క్షమించితి నను మాట లేదు. ప్రశ్న మాత్రము తప్పలేదు. యూదాయు పశ్చాత్తాపపడి ముప్పది నాణెములను మరల తెచ్చెను. అతడు వానిని తెచ్చిన యాజకులు అది తమ పని కాదనిరి. అతని కథలో మంటయు లేదు, రొట్టెయు లేదు.

కావున తెలుగు బైబిలులోని క్షమను సర్వంసహయైన భూమి యోర్పుతో సమానము చేయుట యుక్తము గాదు. ఆ యోర్పును బోధించుటచేత, ఇంటివారివలన నష్టపోయినవారు, అందును స్త్రీలు, నోరు మూసికొనవలసినవా రగుచున్నారు. ఆ గ్రంథము చెప్పు క్షమయందు లెక్క చూచుట గలదు, తప్పును పలుకుట గలదు, పరీక్ష గలదు. పిమ్మట, తీర్పు దేవునిదని విడిచి, ద్రోహియొక్క పిల్లలకు సైతము అన్నము పెట్టుట గలదు. వాన యెఱుగని యేట గాదెలోని గింజ విలువ తెలిసిన పీఠభూమి చదువరికి ఈ తుదిమాటలోని కష్టము వ్యాఖ్యానము లేకయే తెలియును.