తాడుకు అలసట తెలియదు

తాడు ప్రస్తావన లేకుండా తెలుగులో ఆడవాళ్ళ జీవితం గురించి మాట్లాడటం కష్టం. పసుపుతాడు, మూడుముళ్ళు, బంధం, కట్టుబాటు, కట్టుకున్నవాడు... మన కుటుంబ భాష చాలావరకు ‘కట్టడం’ అనే ఒక్క క్రియ చుట్టూ అల్లుకుని ఉంది. స్త్రీవాద సాహిత్యం ఈ ముడుల్ని ఒక్కొక్కటిగా విప్పి చూసింది. శరీరం గురించి తెరిచి రాసినందుకు ‘నీలి’ అన్న నింద మోసింది. 1993లో వచ్చిన సంకలనం ‘నీలిమేఘాలు’ అన్న పేరే పెట్టుకుంది.

అయినా మన విమర్శలో తాడు ఇప్పటికీ ప్రతీకగానే ఉండిపోయింది. నిజమైన తాడు నిజమైన చేతికి చుట్టుకుంటే ఏమవుతుందన్న చర్చ పెద్దగా జరగలేదు. ఇద్దరు పెద్దవాళ్ళు ఇష్టపడి, ఒకరు మరొకరిని తాడుతో కట్టడం కొందరి శృంగారంలో భాగం. జపాన్‌లో దీన్ని కిన్‌బాకు, షిబారి అన్న పేర్లతో ఒక కళగా సాధన చేస్తారు. దీని మీద 1980ల మొదట్లో అమెరికన్ స్త్రీవాదులు రెండుగా చీలిపోయారు. 1981లో ‘కమింగ్ టు పవర్’ వస్తే, 1982లో దానికి ఎదురుగా ‘అగైనెస్ట్ సేడోమేసోకిజమ్’ వచ్చింది. ఒకరు స్వేచ్ఛ అన్నారు, మరొకరు పితృస్వామ్యానికి అనుకరణ అన్నారు. ఆ తగువు తీర్చడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. కట్టించుకున్న మనిషి మర్నాడు పొద్దున జడ వేసుకోగలగాలి, పెన్ను పట్టుకోగలగాలి. అందుకు ఏం తెలిసి ఉండాలి? ఆ ఎరుక మన సాహిత్యంలో ఎక్కడుంది, ఎక్కడ జారిపోయింది? నా ప్రశ్న ఇదే.

శృంగార కావ్యాలకు బంధనం కొత్త కాదు. అమరుక శతకంలో కోపం వచ్చిన నాయిక, తప్పు చేసి వచ్చిన ప్రియుణ్ణి తీగల్లాంటి చేతులతో బంధించి పడకింటికి నడిపించుకుపోతుంది. గీతగోవిందంలో కృష్ణుడు తనను శిక్షించమని, బాహువులతో కట్టెయ్యమని రాధను బతిమాలుకుంటాడు. రెండుచోట్లా కట్టేది స్త్రీ, కట్టుబడేది పురుషుడు. లోకంలోని అధికారం పడకింట్లో తారుమారు కావడం విమర్శకులకు నచ్చే విషయమే. నన్ను మాత్రం మరో సంగతి ఆపింది. ఆ కట్టు చేతులతో కట్టినది. చేతికి స్పర్శ ఉంది. అవతలి ఒళ్ళు చల్లబడితే, బిగుసుకుంటే దానికి తెలుస్తుంది. కాసేపటికి అది అలిసి తనంతట తానే సడలుతుంది కూడా. తాడుకు అలసట తెలియదు. మొదటి నిమిషంలో ఎంత గట్టిగా పట్టుకుందో ఇరవయ్యో నిమిషంలోనూ అంతే గట్టిగా పట్టుకుంటుంది. ఒళ్ళు కాస్త పక్కకు వాలితే ఇంకా బిగుస్తుంది. కవులు చేతిని తీగ అన్నారు, తీగను పాశం అన్నారు. ఆ ఉపమానాల వరసలో స్పర్శ ఉన్నదానికీ లేనిదానికీ మధ్య తేడా చెరిగిపోయింది.

కావ్యాలు మర్చిపోయిన ఈ ప్రమాదాన్ని వాత్స్యాయనుడు మర్చిపోలేదు. కామసూత్రం రెండో అధికరణంలో, రతిలో కొట్టే దెబ్బల గురించి చెబుతూ ఆయన మూడు దుర్ఘటనలు నమోదు చేశాడు. చోళరాజు చిత్రసేన అనే గణికను చంపేశాడు. కుంతల దేశపు శాతకర్ణి శాతవాహనుడు ‘కర్తరి’ అనే దెబ్బతో మహాదేవి మలయవతిని చంపేశాడు. పాండ్యుల సేనాపతి నరదేవుడు ఒక నర్తకి కన్ను పోగొట్టాడు. ఈ దెబ్బలు దక్షిణాది అలవాట్లంటూ, ప్రాణం మీదికి తెచ్చేదాన్ని ఆ ప్రాంతాల్లోనైనా మానాలంటాడు ఆయన. మోహంలో ఉన్నవాళ్ళని, దౌడు తీస్తూ గుంటలూ గుంజలూ చూసుకోని గుర్రంతో పోలుస్తాడు.

శాతవాహనులు మనవాళ్ళని చెప్పుకుంటాం. ఆ వంశపు హాలుడి పేరు మీద ఉన్న గాథాసప్తశతిలోని ప్రేమ గాథలు క్లాసుల్లో పాఠాలుగా చెబుతాం. అదే వంశపు రాజు పడకింట్లో చచ్చిపోయిన మలయవతి గురించి మాత్రం పెద్దగా మాట్లాడం. చరిత్రగా ఈ కథ ఎంత నిజమో తేల్చడం నా పని కాదు. గ్రంథకర్త దాన్ని హెచ్చరికగా అక్కడ పెట్టాడన్నదే నాకు ముఖ్యం. ఇంకో సంగతి కూడా చూడాలి. మూడు ఘటనల్లోనూ దెబ్బ తిన్నది స్త్రీ, గుర్రపు దౌడు మగవాడిది. ఆ స్త్రీలు ఏమన్నారో, ‘ఆపు’ అన్నారో లేదో గ్రంథం చెప్పదు.

చెప్పడం ఎంత కష్టమో మా పాతబస్తీలోనే చూశాను. మొగల్‌పురాలో ఉండే ఒక స్నేహితురాలికి బొటనవేలి వెనక, చేతి పైభాగాన చర్మం మొద్దుబారిపోయింది. మూడు వారాలైనా తగ్గలేదు. డాక్టరు అడిగితే ‘గాజు బిగుతైంది’ అంది. లాడ్‌బజార్ పక్కనే ఉన్న ఊళ్ళో ఆ మాట ఎవరైనా నమ్ముతారు. ఇష్టపడి మణికట్టుకు కట్టించుకున్న తాడని నాకు మాత్రమే చెప్పింది. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు చర్మానికి చాలా దగ్గరగా ఒక సన్నని నరం పోతుంది. బిగుతు బేడీలకు, వాచీ పట్టీకి, గాజుకు, తాడుకు అది ఒకేలా నలుగుతుంది. అందుకే ఆ అబద్ధంతో ఆమెకు వైద్యంలో నష్టం జరగలేదు. అదే దెబ్బ మోచేతి పైన తగిలి ఉంటే? అక్కడికి ఏ గాజూ ఎక్కదు.

లాడ్‌బజార్‌లో గాజులు తొడిగేవాళ్ళను గమనించండి. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, పిడికిలిని నొక్కి గాజు ఎక్కిస్తున్నంతసేపూ వాళ్ళ కళ్ళు మన మొహం మీదే ఉంటాయి. మొహం చిట్లితే ఆపి, సైజు మారుస్తారు. ఆ చూపు తాడు కట్టేవాళ్ళకూ కావాలి. అయితే అదొక్కటే సరిపోదు, ఎందుకంటే నరం నలిగినప్పుడు ప్రతిసారీ నొప్పి పుట్టదు.

ఇక్కడ మన భాష కూడా ఒక చిక్కు తెచ్చిపెడుతోంది. చేతి మీద నీలంగా ఉబ్బేదీ నరమే, మెదడు నుంచి వేళ్ళకు కబురు మోసేదీ నరమే అంటాం. నాడి అంటే ఒకచోట గుండె కొట్టుకునే లయ, మరోచోట నాడీమండలం. తిమ్మిరి అన్న ఒక్క మాటలో రక్తం ఆడకపోవడమూ, నరం నలగడమూ రెండూ కలిసిపోయాయి. ఈ రెండూ వేరని తెలియకపోవడమే సగం ప్రమాదం.

రక్తప్రసరణ తగ్గితే కంటికి కనిపిస్తుంది. చెయ్యంతా చల్లబడుతుంది, ఉబ్బుతుంది, రంగు మారుతుంది. గోరు నొక్కి వదిలితే సుమారు 2 సెకన్లలో తిరిగి రావలసిన ఎరుపు ఆలస్యంగా వస్తుంది. నరం నలిగినప్పుడు చెయ్యి వెచ్చగా, మామూలు రంగులోనే ఉండొచ్చు. చిటికెనవేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కితే మోచేతి లోపలి వైపు వెళ్ళే అల్నార్ నరాన్ని, బొటనవేలూ దాని పక్క రెండు వేళ్ళూ అయితే మణికట్టు ముందు భాగాన ఉండే మీడియన్ నరాన్ని అనుమానించాలి. జబ్బ వెలుపలి వైపు ఎముకను చుట్టుకుని దిగే రేడియల్ నరం నలిగితే మణికట్టు వాలిపోతుంది, చెయ్యి పైకి లేవదు. చేతులు వెనక్కి పెట్టి జబ్బల మీదుగా చుట్లు వేసే కట్టులో ఎక్కువగా దెబ్బ తినేది ఇదే. మోకాలి కింద వెలుపలి వైపు ఎముక బుడిపె దగ్గర నరం నలిగితే పాదం వాలిపోతుంది.

నరాల దెబ్బలను 1943లో సెడన్ అనే బ్రిటిష్ సర్జన్ మూడు తరగతులు చేశాడు. తేలికదైతే రోజుల్లోనో వారాల్లోనో పోతుంది. లోపలి తంతువు తెగితే అది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ రావాలి. జబ్బ నుంచి వేళ్ళ దాకా 30 సెంటీమీటర్లనుకుంటే దాదాపు 300 రోజులు. నరం పూర్తిగా తెగితే ఆపరేషన్ లేకుండా కోలుకోవడం కష్టం. తేలిక దెబ్బకూ పెద్ద దెబ్బకూ మధ్య తేడా చాలాసార్లు ఎంత బిగుతుగా, ఎంతసేపు అన్నదాని మీదే ఉంటుంది.

ఇక్కడే ‘ఓర్పు’ గురించి మాట్లాడాలి. క్షమయా ధరిత్రి అని పొగిడి పెంచిన సమాజంలో, తనకు ఇష్టమైన ఆటలో కూడా ఆడది ‘ఇంకాసేపు ఓర్చుకుందాం, ఆయన సరదా పాడుచెయ్యడం ఎందుకు’ అనుకుంటుంది. ఆ కాసేపే వారంలో తగ్గేదాన్ని ఏడాదికి సాగదీయగలదు. పైగా భార్య మీద భర్త చేసే అత్యాచారాన్ని నేరంగా చూడని మినహాయింపు, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలోనూ అలాగే ఉంది. ‘ఆపు’ అన్న మాటకు చట్టమే విలువ ఇవ్వనిచోట ఆ మాటను ఇద్దరి మధ్య ముందే గట్టిగా స్థిరపరచుకోవాలి. అది స్థిరపడని ఇంట్లో తాడు ఆట కాదు, హింస.

ఒక్క గుర్తునే నమ్ముకుంటే ఏమవుతుందో ఈ నగరానికి చరిత్రలో అనుభవం ఉంది. 1888లో, 1889లో నిజాం ప్రభుత్వ ఖర్చుతో ఇక్కడ రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. వాటి వెనక ఉన్న ఎడ్వర్డ్ లారీ, మత్తిచ్చేటప్పుడు ఊపిరిని కనిపెట్టుకుంటే చాలు, నాడి చూడనక్కర్లేదని వాదించాడు. క్లోరోఫాం నేరుగా గుండె లయను చెడగొట్టి ప్రాణం తీయగలదని 1911లో లెవీ చూపించాడు. లారీ శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ 1885లో హైదరాబాదు మెడికల్ స్కూల్లో చేరి, ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరయ్యారు. మత్తులో ఉన్న మనిషి తన చెయ్యి ఎక్కడ నలుగుతోందో చెప్పలేదు కాబట్టి ఆపరేషన్ బల్ల మీద మోచేతుల కింద మెత్త పెట్టడం, చేతులు మరీ వెనక్కి లాగకపోవడం ఈనాటికీ మత్తు డాక్టరు బాధ్యతే. తాడులో ఉన్న మనిషి మెలకువగానే ఉంటుంది. కానీ ఉద్వేగంలో నొప్పి మందగిస్తుంది, మొద్దుబారిన చోటు నుంచి కబురు రాదు. అందువల్ల కనిపెట్టుకునే బాధ్యతలో పెద్ద వాటా కట్టినవాళ్ళదే.

ఆచరణలో ఇది పెద్ద విద్యేమీ కాదు. కట్టకముందే పాత దెబ్బలు, మధుమేహం, మణికట్టు తిమ్మిర్ల గురించి అడగాలి. మద్యం తాగి తాడు ముట్టుకోకూడదు. మెడకు ఎప్పుడూ కట్టకూడదు. చంక, జబ్బ లోపలి భాగం, మోచేతి మడత, మోకాలి వెనక, మోకాలి కింద వెలుపలి బుడిపె తప్పించాలి. ఒక్క సన్నని పేట కాకుండా పక్కపక్కనే నాలుగైదు చుట్లు వేస్తే ఒత్తిడి పంచుకుంటుంది. కింద రెండు వేళ్ళు దూరేంత వదులుండాలి, లాగితే బిగిసే ముడి వెయ్యకూడదు. శరీరం బరువు తాడు మీద పడకూడదు. గాలిలో వేలాడదీయడం కొత్తవాళ్ళ పని కాదు. చేతులు వెనక్కి కట్టి బోర్లా పడుకోబెడితే ఊపిరి ఆడకపోవచ్చు. కొద్ది నిమిషాలకోసారి మణికట్టు వెనక్కి వంచమని, బొటనవేలు లేపమని, వేళ్ళు విప్పార్చమని, తన వేలు గట్టిగా పట్టుకోమని అడగాలి. ఏ ఒక్కటి చెయ్యలేకపోయినా, ఎక్కడ మొద్దుబారినా వెంటనే విప్పాలి. కట్టు కత్తిరించే మొద్దుమొన కత్తెర చేతికందేంత దూరంలో ఉండాలి, తాడు ఖరీదు చూడకూడదు. కట్టిన మనిషిని ఒంటరిగా వదిలి గది దాటకూడదు. విప్పిన తర్వాత కూడా బలహీనతో మొద్దుతనమో తగ్గకపోతే డాక్టరు దగ్గర నిజం చెప్పాలి. ఎక్కడ, ఎంతసేపు ఒత్తుకుందో తెలిస్తే వైద్యం సులువవుతుంది. సిగ్గుపడాల్సినంత విషయం ఇందులో లేదు.

హైదరాబాదు స్త్రీవాదులు ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం తెచ్చినప్పుడు ఆడవాళ్ళు తమ ఒంటి గురించి గుసగుసగా అడిగేవి అచ్చులోకొచ్చాయి. ఈ సందేహమూ ఆ కోవలోదే. సాహిత్యవేత్తలకు ఇందులో పనేమిటని అడగొచ్చు. తాళ్ళతో కట్టిన స్త్రీల ఫోటోలతో జపాన్ ఫోటోగ్రాఫర్ నొబుయోషి అరాకి ప్రపంచ ఖ్యాతి పొందాడు. ఆయనకు ఏళ్ళ తరబడి మోడల్‌గా ఉన్న కఓరి, తనకు ఒప్పంద పత్రం లేదని, తన అభ్యంతరాలు పట్టించుకోలేదని 2018లో బయటపెట్టింది. అంతకాలం కళా విమర్శ ఆ ఫోటోల్లో వెలుగునీడల గురించి, మృత్యువు గురించి ఎంతో రాసింది. ఫోటోలో ఉన్న మనిషిని అడిగినవాళ్ళు తక్కువ.

బంధనం ఎక్కడ కనిపించినా, అది శతకంలో కానీ కొత్త కథలో కానీ, ప్రతీక వెతకడానికి ముందు కొన్ని మామూలు ప్రశ్నలు వేసుకుందాం. ఆ మనిషి వేళ్ళు కదుపుతోందా? ‘ఆపు’ అంటే వినేవాళ్ళు గదిలో ఉన్నారా? విప్పడం ఎవరికి తెలుసు? ఇలాంటి అనుభవం రాయాలనుకునే స్త్రీలు ఆ వివరాలు కూడా రాయండి. మలయవతి గురించి కామసూత్రం చెప్పింది ఆమె ఎలా చచ్చిపోయిందన్నది ఒక్కటే. నా స్నేహితురాలి చేతికి స్పర్శ రెండున్నర నెలలకు తిరిగొచ్చింది. ఈ వ్యాసం రాయమన్నది ఆమే.