నూరు కోసుల అవతలి ఒడ్డు

హైదరాబాదు కార్వాన్‌లో పుట్టినవాడికి సముద్రంతో ఏం పని అని అడిగేవాళ్లకు నేను టోలి మసీదు ముందు నుంచి పోయే రోడ్డు చూపిస్తాను. అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో ఉన్న మూసా ఖాన్ 1671లో కట్టించిన మసీదు అది. దాని ముందున్న పాత బాటకు ఒక కొసన గోల్కొండ కోట. రెండో వైపు పురానాపూల్ దాటి, తూర్పుగా పోతూ పోతూ, ఆఖరి కొసన మచిలీపట్నం అనే బందరు రేవు. బిడారులు దిగే పేట మాది. రత్నాలు కొనడానికి ఫ్రాన్సు నుంచి పదేపదే వచ్చిన టావెర్నియర్, 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో, ఏటి అవతల వ్యాపారులు, దళారులు, చేతిపనివాళ్లు ఉండే పొడవాటి పేట ఒకటి ఉందని రాశాడు. ఆ వర్ణన మా పేటకే సరిపోతుంది. గోల్కొండ నుంచి మచిలీపట్నానికి తిన్నగా పోతే 100 కోసులనీ, కొల్లూరు వజ్రాల గని మీదుగా పోతే 112 అనీ ఆనాటి దూరాల లెక్క కూడా చెప్పాడు.

ఆ గని ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. బాట మాత్రం పోలేదు. పుణేలో బయల్దేరి, మన నగరం నడుమ నుంచి సాగి, మచిలీపట్నంలో ఆగే 65వ నంబరు జాతీయ రహదారి దాదాపు ఆ దిక్కునే పోతుంది. నీళ్లదీ అదే దారి. మా ఇళ్ల వెనక పారే మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. రోడ్డూ ఏరూ రెండూ మమ్మల్ని ఒకే తీరానికి తీసుకుపోతున్నప్పుడు, నేను వీపుకు సంచి తగిలించుకుని బందరు బస్సెక్కడంలో వింత ఏముంది?

సముద్రం చూడటం వేరు, తీరం వెంట తిరగడం వేరు అని నా గట్టి నమ్మకం. మన ఊరి నుంచి శనివారం రాత్రి కార్లలో బయల్దేరి, తెల్లారేసరికి సూర్యలంకలో దిగి, మునిగి, తిని, ఆదివారం రాత్రికి ఇల్లు చేరేవాళ్లు వేలమంది. అలసిన మనిషికి అలల్లో ఒక పూట దక్కడం మంచిదే. కానీ వాళ్లు చూసేది ఒక్క చోటు. ఆంధ్ర తీరం 974 కిలోమీటర్లని నేను బళ్లో చదువుకున్నాను. ఈమధ్య కొత్తగా కొలిచాక అది వెయ్యి దాటింది. ఇచ్ఛాపురం పక్క నుంచి తడ దాకా ఉన్న ఆ పొడవు కారున్నవాడికి అందదు. కారు రోడ్డు తెగిన చోట ఆగిపోతుంది. పంటు ఎక్కి పాయ దాటాలన్నా, సరుగుడు తోటలోంచి ఇసుకలోకి దిగి పక్క ఊరికి నడిచిపోవాలన్నా చేతులు ఖాళీగా ఉండాలి, వీపు తేలిగ్గా ఉండాలి.

అందుకే సంచి గురించి కాస్త ఎక్కువే చెబుతాను. నాది మా గల్లీ దర్జీ చేత కుట్టించుకున్న కాన్వాసు సంచి. ఉప్పుగాలికి లోహపు జిప్పులు బిగుసుకుపోతాయి కాబట్టి మూతికి నాడా పెట్టించాను. రెండు జతల నూలు బట్టలు, ఒక లుంగీ, తువ్వాలు, టోపీ, టార్చి, రెండు సీసాల నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, గుప్పెడు పల్లీలు, బెల్లం. లుంగీ లేకుండా నేను బయల్దేరను. రాత్రి దుప్పటి, మధ్యాహ్నం తలపాగా, స్నానం దగ్గర తెర అన్నీ అదే. బూట్లు అక్కర్లేదు. తడి ఇసుక మీద వట్టికాళ్లతో నడవాలి, ఎండ ముదిరాక చెప్పులు వేసుకోవాలి. సంచిలో కొంచెం చోటు ఖాళీగా ఉంచడం కూడా అవసరమే. తీరం ఊళ్లలో ఎవరో ఒకరు కొబ్బరిబోండాలో, ఎండుచేపలో చేతిలో పెట్టకుండా పంపరు.

నడకకు వేళ పోటును బట్టి కుదురుతుంది. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు తీస్తుంది. మర్నాడు అదే పోటు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు ఎక్కువ పైకి ఎక్కుతాయి, ఎక్కువ వెనక్కి పోతాయి. పోటు తీసిన తర్వాత మిగిలే తడి ఇసుక గట్టిగా ఉంటుంది, పాదం దిగబడదు; ఆ మూడు నాలుగు గంటల్లో నడిచినంత దూరం పొడి ఇసుకలో రోజంతా నడిచినా రాదు. ఈ లెక్క ఫోనులో దొరుకుతుంది. అయినా నేను ఒడ్డున వల సర్దుకుంటున్నవాళ్లనే అడుగుతాను. ఫోను పోటు సంగతి చెబుతుంది. ముందు మొగ ఎక్కడ తెగింది, నిన్నటి దారి ఇవాళ ఉందా, ఏ చోట అడుగు దిగబడుతుంది అన్నవి వాళ్లే చెప్పాలి. నది మొగల దగ్గర నీళ్లలోకి దిగవద్దని వాళ్లు అంటే దిగకూడదు. పైకి ప్రశాంతంగా ఉన్న చోటే అడుగున లాగుడు ఉంటుంది. ప్రతి వేసవిలో మన ఊరి పిల్లల పేర్లు మునిగిపోయినవాళ్ల వార్తల్లో చదివినప్పుడల్లా, ఒడ్డున ఒక్క మనిషిని అడిగి ఉంటే బతికేవాళ్లు కదా అని కడుపు తరుక్కుపోతుంది.

నా మనసు ఎక్కువగా తిరిగేది దివిసీమలో. అవనిగడ్డ దాటి కోడూరు వైపు పోయే కొద్దీ నేల పలచబడి, ఆకాశం కిందికి దిగినట్టుంటుంది. హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి. అక్కడి నుంచి పాలకాయతిప్ప, ఆ తర్వాత ఇసుక. మాఘ పౌర్ణమికి సముద్రస్నానాలకు జనం కిటకిటలాడతారు. మిగతా రోజుల్లో పీతలు, పక్షులు, సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే చలికాలమైతే రాత్రి వాటి జాడలు. కృష్ణ ఇక్కడ సముద్రంలో కలుస్తుందని చదివి వచ్చినవాళ్లు వేసవిలో నదిని వెతుక్కోవలసి వస్తుంది. విజయవాడ ప్రకాశం బ్యారేజీ కిందికి నీళ్లు వచ్చేది ఎక్కువగా వరద రోజుల్లోనే. పైన కట్టిన ఆనకట్టల్లో నీటితోపాటు ఒండ్రు కూడా ఆగిపోవడంతో, డెల్టా అంచును సముద్రం కోసుకుపోతోంది. వరద వచ్చినప్పుడు మాత్రం మా మూసీ నీళ్లు కూడా ఇక్కడికి చేరతాయి. మేం అందులో వదిలే మురుగు, చెత్త కూడా చేరుతుంది. కార్వాన్‌వాడిగా ఆ ఒడ్డున నిలబడితే ఆ సంగతి తలచుకోకుండా ఉండలేను.

నాగాయలంక వైపు వెళ్లి ఏటిమొగ దగ్గర పంటు ఎక్కితే ఎదురుమొండి దీవి. మోటారు సైకిళ్లు, బడి పిల్లలు, గడ్డిమోపులు, నేను, నా సంచి, అందరం ఒకే బల్లకట్టు మీద. పక్కన కూర్చున్న పెద్దాయన, "ఏ ఊరు బాబూ?" అన్నాడు. హైదరాబాదండీ, కార్వాన్ అన్నాను. "అక్కడ సముద్రం లేదు, నయం" అన్నాడాయన. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఆయన కుర్రవాడు. ఆ ఉప్పెనలో సుమారు 10,000 మంది పోయారని ప్రభుత్వ లెక్క. ఆ లెక్కలో తన ఇంటివాళ్లు ఎంతమందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి మన నగరంలో వేలమందిని మింగిన తుగ్యానీ సంగతి ఆయనకు చెప్పాను. అంత చిన్న ఏరా అని ఆశ్చర్యపోయాడు. పంటు ఒడ్డు చేరేదాకా మేమిద్దరం నీళ్ల గురించే మాట్లాడుకున్నాం. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెన గురించి వాళ్ల తాతలు చెప్పుకునేవారట. ఆ ఒక్క రాత్రి దాదాపు 30,000 మంది పోయారు. గోల్కొండ కాలం నుంచి డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు కొట్లు పెట్టుకుని కళంకారీ బట్టలు ఎగుమతి చేసిన రేవు ఆ దెబ్బకు మళ్లీ కోలుకోలేదు. బందరులో డచ్చివాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. వాటి మీద చెక్కిన చిహ్నాలు చూడటానికి ఒక పూట ఆగడం మంచిది.

దక్షిణంగా చీరాల వైపు పోతే మోటుపల్లి. 2014 తర్వాత తెలంగాణకు సముద్రం లేదని మనం మామూలుగా అనేస్తుంటాం. ఓరుగల్లు నుంచి ఏలిన కాకతి గణపతిదేవుడు 1244-45లో ఈ ఊళ్లో వేయించిన అభయ శాసనం చదివితే ఆ మాట అనడానికి నోరు రాదు. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును పాత రాజులు తమదేనని లాక్కునేవారు. ఇకమీదట అలా జరగదనీ, నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోననీ సముద్ర వ్యాపారులకు మాట ఇచ్చాడు. ఓడ పగిలి అన్నీ పోగొట్టుకున్నవాడి మీద దయ చూపిన రాజు సముద్రానికి అంత దూరంలో, రాతికోటలో ఉండేవాడు. వీరభద్రాలయం దగ్గర నిలబడి ఆ సంగతి తలచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. తెలుగు దేశపు లోపలి ఊళ్లు ఎప్పుడూ తీరాన్ని మరవలేదు.

మిగతా దీవుల గురించి క్లుప్తంగా చెబుతాను. కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ గోదావరి తెచ్చిన ఇసుకతో రెండు వందల ఏళ్లలో పెరిగిన దిబ్బ. అల ఇసుకను ఉత్తరానికి తోసుకుంటూ పోతుంది కాబట్టి అది అటే సాగింది. కాకినాడ రేవుకు అలల తాకిడి తప్పిస్తున్నది కూడా అదే. పులికాట్ సరస్సులో భీములవారిపాలెం నుంచి పడవలో ఇరకం దీవికి పోవచ్చు. చలికాలం ఆ నీళ్లలో రాజహంసలు కనిపిస్తాయి. నరసాపురం నుంచి పంటు మీద సఖినేటిపల్లి దాటి అంతర్వేది చేరడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా తుఫానుల భయం ఉంటుంది కనుక నేను సంక్రాంతి దాటాకే బయల్దేరతాను.

ఈసారి బందరు దగ్గరి మంగినపూడి తీరం నుంచి దక్షిణంగా, హంసలదీవి దిక్కుకు నడవాలని ఉంది. గిలకలదిండి దగ్గర పాయ అడ్డొస్తుంది; పడవ అడగాలి. తపసిపూడి దగ్గర 2023 మేలో బందరు కొత్త రేవు పనులు మొదలయ్యాయి. అది పూర్తయితే సరుకుల లారీలు మళ్లీ ఆ బాటనే మన వైపు వస్తాయి. నా పేట చరిత్ర తెలిసినవాడిగా నాకు అది సంతోషమే. రేవు చుట్టూ కంచె వేసేవాళ్లు మాత్రం ఒడ్డు వెంట నడిచేవాళ్లకు ఒక దారి వదలాలి. ముందు వలలు మోసుకుపోయేవాళ్ల కోసం, ఆ తర్వాత సంచి మోసుకుపోయే మావంటివాళ్ల కోసం. ఇసుక మీద దారికి పట్టాలూ కాగితాలూ ఉండవు గనుక, ఆ మాట ఇప్పుడే అడగాలి.