జపాను కవిచిత్రములు: వర్తకుని విలువ, విమర్శకుని విలువ

ప్రాచీన కవుల చిత్రములను పరిశీలించునపుడు "ఈ రూపము నిజముగా ఆ కవిదేనా?" అను ప్రశ్న సాధారణముగా పుట్టును. అంతకంటె "ఈ చిత్రము ఏ వరుసలోనిది?" అను ప్రశ్నయే ముఖ్యమని మా యభిప్రాయము. జపానున సతాకె ప్రతి యని ప్రసిద్ధమైన చిత్రపటము చరిత్ర ఇందుకు చాలిన నిదర్శనము.

ఫుజివారా నో కింతో (966–1041) పూర్వకవులలో 36 మందిని ఏరి, పద్యస్పర్ధలో వలె ఎడమ, కుడి పక్షములుగా జతపరచెను. 13వ శతాబ్దిలో వారిని రెండు పొడవైన కాగితపు చుట్టలపై చిత్రించిరి. ప్రతి కవికిని పేరు, సంగ్రహచరిత్ర, ఒక పద్యము, రూపము కలవు. ఎడమ పక్షమునకు హితొమారో మొదటివాడు. కుడి పక్షమున అతనికి జోడు త్సురయుకి. హితొమారో ఆ చిత్రమునకు ఐదు శతాబ్దుల ముందటివాడు గనుక అందు పోలిక వెదకుట వ్యర్థము. ఆ కాలపు పాఠకులు కవిని ఎట్లు ఊహించిరో ఆ చిత్రము తెలుపును. సౌందర్యమునకు పేరొందిన ఒనో నో కొమాచిని చిత్రకారుడు వెనుకనుండియే చూపెను. ఆమె ముఖమును పద్యమునుండియే పాఠకుడు ఊహించుకొనవలెను.

1917లో సతాకె వంశమువారు ఈ చుట్టలను విక్రయింపగా వర్తకులు కూడి 353,000 యెన్లకు కొనిరి. అవి మరల అమ్మకమునకు వచ్చినపుడు మొత్తముగా కొనువారు దొరకలేదు. 1919 డిసెంబరు 20న మసుదా తకాషి ఆధ్వర్యమున వానిని 37 ఖండములుగా కోసి, చీట్లు వేసి పంచుకొనిరి. ముప్పదియేడవది సుమియోషి దేవాలయ దృశ్యము. వన్నెచీరల రాచస్త్రీయగు సైగూ నో న్యోగో చిత్రమునకు అత్యధికముగా 40,000 యెన్లు వెలకట్టిరి. భిక్షువుల చిత్రములకు వెల తగ్గెను. పద్యగుణమునకు ఈ వెలలలో స్థానము లేదు.

కోయుటవలననే అవి స్వదేశమున నిలిచినవను వాదము త్రోసివేయదగినది కాదు. అయినను వర్తకుడు విడదీసిన ఖండమునే పరిశోధకుడు సంపూర్ణకృతిగా గ్రహించుట దోషము. జోడు పోయిన చిత్రమున స్పర్ధార్థము లోపించును. 1610 ప్రాంతపు సాగా ముద్రణలలోని 36 కవుల సచిత్రగ్రంథము ఈ చుట్టలకు నకలు కాకపోయినను, కవులందరిని ఒక్క కృతిగా చదువు సంప్రదాయమునకు సాక్ష్యము.

2019లో క్యోటో జాతీయ ప్రదర్శనశాల 37 ఖండములలో 31ని కొలదికాలము ఒకచోట చేర్చెను. అట్టి అవకాశము అరుదు. కావున పరిశోధక విద్యార్థులు ఏ కవిచిత్రమును వర్ణించినను, దాని స్వామిని, వెలను పేర్కొనుటకు ముందు వరుసలో దాని స్థానమును, జోడును, పద్యమును వ్రాసికొనవలెను. కత్తి విడదీసినదానిని కలుపగలది ఈ క్రమపరిజ్ఞానమే.