పొలిమేర సోదా: కోకా సుబ్బారావుగారి భిన్నతీర్పు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగువారికి పొలిమేర దాటుట నిత్యకృత్యము. ఉదయము హోసూరులో బస్సెక్కి, జూజువాడి దాటి, అత్తిబెలె మీదుగా కర్ణాటకములో పనికి పోయి, రాత్రికి ఇల్లు చేరువారు ఎందరో కలరు. కృష్ణగిరి వైపువారు చుట్టపుచూపునకు కుప్పము పోయినచో ఆంధ్రప్రదేశమున అడుగు పెట్టినట్లే. అత్తిబెలె వైపు గీత మైసూరు సంస్థానము నాటిది. కుప్పము వైపు గీత 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రావతరణముతో రాష్ట్రసీమ అయినది. ఈ గీతలకడ సోదాలు లేకపోలేదు. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చువరకు వాణిజ్యపన్నుల చెక్కుపోస్టులు లారీల నాపి సరకు బిల్లులు చూచెడివి. ఎన్నికల దినములలో 50,000 రూపాయలకు మించిన రొక్కమునకు ఆధారము చూపవలెను. 2020లో కరోనా కాలమున ఈ-పాసు చూపినగాని దాటనీయలేదు. అయినను ఆ మూడు సందర్భములందును చూడగోరినది సరకు, రొక్కము, అనుమతిపత్రము. ఆ మనిషి ఎవరితో ఏమి మాటలాడెనో అడిగినది లేదు.

అదే మనిషి దేవనహళ్లి విమానాశ్రయమునుండి విదేశమునకు బయలుదేరినచో పరిస్థితి మారును. అతని జేబులోని ఫోనును, సంచిలోని కంప్యూటరును విప్పి చూపుమని అడుగగల అధికారులు దారిలో ఎదురగుదురు. ఈ సోదాను తూచుటకు తెలుగువారియొద్ద ఒక పాత తూనికరాయి కలదు. 1962 డిసెంబరు 18న ఖరక్ సింగు వ్యాజ్యమున న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు వ్రాసిన భిన్నతీర్పే అది. ఆ రాయి నేటి సరుకునకు ఎంతవరకు సరిపోవునో, ఎచ్చట చాలదో విచారింపవలసియున్నది.

సుంకమను మాట శుల్కశబ్దమునుండి పుట్టినది. సుంకరి పెట్టె విప్పించి, వస్తువు చూచి, సుంకము గైకొని పొమ్మనును. పెట్టెలోనిది తూనికకును వెలకును లోబడునది. సరిహద్దు చట్టములు చాలవరకు ఈ పెట్టెను దృష్టియందుంచుకొని పుట్టినవి. సెల్‌ఫోను చూపునకు పెట్టెకంటె ఎంతయో చిన్నది. కాని అందు ఏండ్లతరబడి ఉత్తరములు, వైద్యుని చీటీలు, బ్యాంకు లెక్కలు, బిడ్డల ఛాయాపటములు, తిరిగిన చోట్ల జాడలు ఉండును. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. అందు ఇతరుల మాటలు కూడ ఉండును. హోసూరు పడుచువాడొకడు న్యూయార్కులో దిగినచో, బాగలూరులోని మేనత్త కుటుంబకలహమునుగూర్చి అతనికి వ్రాసిన సందేశములు కూడ అచ్చట దిగినట్లే. ఆమె ఏ పొలిమేరయు దాటలేదు, ఏ అధికారికిని సమ్మతి నీయలేదు. ఫోనును ఇంటితో పోల్చుట పరిపాటి. వీధితో పోల్చిన ఇంకను తగియుండును.

అమెరికా సరిహద్దు శాఖ ప్రకటించిన లెక్కల ప్రకారము 2024 ఆర్థికసంవత్సరమున అది సోదా చేసిన సాధనములు 47 వేలకు పైగా. ఆ యేడు ప్రవేశించినవారు సుమారు 42 కోట్లు గనుక, ఇది దాదాపు తొమ్మిదివేల మందికి ఒక్కటి. స్వల్పమని చెప్పవచ్చును. ఆ ఒక్కరు ఎవరగుదురో ముందు తెలియకపోవుటయే దాని బలము. 2018 జనవరినాటి ఆ శాఖ ఆదేశము సోదాను రెండు తరగతులుగా విభజించినది. అధికారి చేతితో త్రిప్పి చూచుటకు అనుమానము అక్కరలేదు. వేరొక యంత్రమునకు తగిలించి నకలు తీయుటకు మాత్రము సహేతుకమైన అనుమానమో, దేశభద్రతా ప్రసక్తియో, దానితోపాటు పై అధికారి అనుమతియో కావలెను. ఫోనులో లేక దూరపు సర్వరులలో మాత్రమే ఉన్నదానిని చూడరాదని కూడ ఆ ఆదేశము చెప్పినది. అరెస్టయిన వాని ఫోను చూచుటకు సైతము వారంటు కావలెనని 2014లో రైలీ వ్యాజ్యమున ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. సరిహద్దున మాత్రము 2021లో అలసాద్ వ్యాజ్యము విచారించిన అప్పీలు కోర్టు ఆ రక్షణ నీయలేదు. దొంగతనమున పట్టువడినవానికి ఊరినడుమ దొరకు రక్షణ, ఏ నేరమును ఎరుగని బాటసారికి గుమ్మమున దొరకకపోవుట వింతయే.

తెలుగువారికి ఈ విషయము 2025లో మరింత దగ్గరయ్యెను. ఆ జూనులో విద్యార్థి వీసాలు కోరువారు తమ సామాజిక మాధ్యమముల ఖాతాలను అందరికి కనబడునట్లు తెరచియుంచవలెనని అమెరికా విదేశాంగశాఖ నిర్దేశించినది. డిసెంబరు 15 నుండి హెచ్-1బి ఉద్యోగులకును, వారి కుటుంబములకును అదియే వర్తించినది. సోదా పొలిమేరనుండి కదలి దరఖాస్తుదారు ఇంటికే వచ్చినది.

స్వదేశపు చట్టము సంగతి చూతము. కస్టమ్సు చట్టము 1962 డిసెంబరు 13న ఆమోదము పొందెను. ఖరక్ సింగు తీర్పు వెలువడినది దానికి ఐదు దినములు తరువాత. ఈ రెండును ఒకదానినొకటి ఎరుగకయే పుట్టిన కవలలు. దోపిడి అభియోగమున సాక్ష్యము లేక విడువబడిన ఖరక్ సింగుపై ఉత్తరప్రదేశ పోలీసులు నిఘా పెట్టిరి. వారి నిబంధనావళిలోని 236వ నిబంధన ఇంటికడ రహస్యకాపలాను, రాత్రివేళ ఇల్లు తట్టి చూచుటను, రాకపోకల విచారణను అనుమతించెను. ఆరుగురు న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు రాత్రివేళ ఇల్లు తట్టుటను మాత్రము కొట్టివేసి, తక్కినవానిని నిలిపిరి. ఏకాంతము రాజ్యాంగము హామీ యిచ్చిన హక్కు కాదనిరి. ఇల్లు మాత్రము పవిత్రమట! ఆ పవిత్రత ఎచ్చటినుండి వచ్చినదో ఆ తీర్పు చెప్పజాలలేదు. ఏకాంతము హక్కు కానిచో తలుపునకు ఆ మహిమ ఎట్లు కలిగినది?

సుబ్బారావుగారు, ఆయనతో ఏకీభవించిన షాగారు ఈ లోపమును దాటిరి. రాజ్యాంగమున ఏకాంతమను మాట వేరుగా లేకున్నను అది వ్యక్తిస్వాతంత్ర్యమునకు ఆవశ్యకమైన అంగమని వారు నిర్ణయించిరి. కాళ్లకు సంకెల లేకపోయినంతమాత్రమున సంచారము స్వేచ్ఛ కానేరదనియు, తన్నెవరో కనిపెట్టుచున్నారను భయము మనస్సును బంధించుననియు ఆయన వాదసారము. రాజమహేంద్రవరమున పుట్టి, గుంటూరున ఆంధ్ర ఉన్నతన్యాయస్థానమునకు ప్రథమ ప్రధానన్యాయమూర్తియైన ఆయనను తెలుగువారు తలచునపుడు 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పును, అదే యేటి రాష్ట్రపతి ఎన్నికను తలతురు. ఈ భిన్నతీర్పును మరచుట తగదు. దాని సారమును 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తులు అంగీకరించిరి. వారిలో కృష్ణాజిల్లాకు చెందిన చలమేశ్వరుగారు వేరుగా తీర్పు వ్రాసిరి.

ఫోనువిషయమున ఈ రెండు వాదములకు గల భేదము స్పష్టమగును. అధికసంఖ్యాకుల తర్కము ప్రకారము రక్షణ గడపకడ ఆగును. బీరువాలోని ఉత్తరమునకు అండ కలదు. అదే ఉత్తరము జేబులోనికి చేరి గడప దాటినంతనే అండ పోవును. సుబ్బారావుగారి తర్కమున రక్షణ మనిషివెంట నడచును. 2004 నవంబరులో కెనరా బ్యాంకు వ్యాజ్యమున సుప్రీం కోర్టు ఈ మార్గమునే అనుసరించినది. కలెక్టరు పంపిన ఎవరైనను బ్యాంకులోనికి పోయి కాగితములు చూడవచ్చునని 1986లో ఆంధ్రప్రదేశము స్టాంపు చట్టమునకు చేసిన సవరణ ఆ వ్యాజ్యమున నిలువలేదు. ఏకాంతము స్థలమునకు గాక వ్యక్తికి సంబంధించినదని, ఖాతాదారుని కాగితము బ్యాంకులో నున్నను అతని గోప్యత పోదని కోర్టు తేల్చినది. ఇంత జరిగినను, 2021 అక్టోబరులో హైదరాబాదు వీధులలో పోలీసులు గంజాయి జాడకై బాటసారుల నాపి ఫోనులలో సందేశములు వెదకుచున్న దృశ్యములు వెలువడి విమర్శకు గురియైనవి.

అయినను భిన్నతీర్పును సరిహద్దునకు యథాతథముగా అంటగట్టుట సరికాదు. ఖరక్ సింగుపై ప్రయోగించిన నిబంధనలకు శాసనబలము లేదు. అవి కార్యనిర్వాహకుల ఆదేశములు మాత్రమే. సుబ్బారావుగారికి అందువలన పని సులభమయ్యెను. కస్టమ్సు అధికారి అట్లు కాదు. పార్లమెంటు చేసిన చట్టము అతనివెనుక నున్నది. బంగారమును చెప్పులలో దాచి తెచ్చువారు నిజముగనే కలరు. దేశములోనికి ఏమి వచ్చుచున్నదో తెలిసికొనుట ప్రభుత్వధర్మము. ప్రభుత్వము ఎప్పుడు, ఎంతమేర చూడవచ్చునను కొలతను భిన్నతీర్పు ఈయలేదు. అది 2017 తీర్పున దొరకును: చట్టముండవలెను, న్యాయమైన ప్రయోజనముండవలెను, చొరబాటు ఆ ప్రయోజనమునకు మించరాదు.

ఈ కొలతతో కస్టమ్సు చట్టపు 100వ సెక్షను చదివినచో దాని పరిధి చిన్నదని తోచును. జప్తుచేయదగిన సరకునో, దానికి సంబంధించిన పత్రములనో ఒంటిపై దాచినాడని నమ్ముటకు కారణముండవలెనని అది చెప్పుచున్నది. మేనత్త సందేశము ఏ సరకునకు సంబంధించిన పత్రము? 102వ సెక్షను ప్రకారము సోదాకు గురియగువాడు కోరినచో అతనిని గజిటెడ్ అధికారియొద్దకో మెజిస్ట్రేటునొద్దకో తీసికొనిపోవలెను, ఇద్దరు సాక్షులుండవలెను. ఒంటికి ఇంత మర్యాద నేర్పరచిన చట్టము ఫోనునకు అట్టి మర్యాద నేర్పరచుట అసాధ్యము కాదు. నమ్ముటకు గల కారణమును వ్రాతలో నుంచుట, చూచినదేమో జాబితా వ్రాసి యజమానికి ఇచ్చుట, అక్కరలేని నకలును చెరపివేయుట అధికారికి పెద్ద బరువు కాదు.

చట్టము మారువరకు బాటసారి జాగ్రత్తయే రక్ష. వెంట తీసికొనిపోనిదానిని ఎవరును సోదా చేయజాలరు. కావున ప్రయాణమునకు అవసరమైనంత మాత్రమే ఉంచిన వేరొక ఫోను ఉత్తమము. వకీళ్లకు, వైద్యులకు, పత్రికలవారికి ఇది ఐచ్ఛికము కాదు, వారినమ్మి రహస్యము చెప్పినవారిపట్ల ధర్మము. అధికారులను సమీపింపకముందే ఫోనును పూర్తిగా ఆపివేయవలెను. తిరిగి తెరచుటకు మొగమో వ్రేలిముద్రయో గాక పొడవైన సంకేతపదమును ఏర్పరచుకొనవలెను. పాస్‌వర్డు చెప్పించుట తనపై తాను సాక్ష్యమిచ్చుట కాదని 2021లో వీరేంద్ర ఖన్నా వ్యాజ్యమున కర్ణాటక ఉన్నతన్యాయస్థానము అభిప్రాయపడినదని దేవనహళ్లిమీదుగా పోవువారు గుర్తుంచుకొనదగును. చెప్పననుటకు ఫలము కూడ తెలిసియుండవలెను. అమెరికా పౌరుని ఆ దేశము వెనుకకు పంపజాలదు గాని అతని ఫోనును కొన్నాళ్లు అట్టిపెట్టుకొనవచ్చును. వీసాపై పోయినవానిని తిప్పిపంపనే వచ్చును. అధికారికి అబద్ధము చెప్పుట ఎచ్చటనైనను ముప్పు. విమానము దిగుచుండగా గబగబ సందేశములు తుడిచివేయువారికి పూర్వులు చెప్పిన ఘట్టకుటీప్రభాతన్యాయము వర్తించును. సుంకము తప్పించుకొనగోరి రాత్రియంతయు అడ్డదారుల తిరిగిన వర్తకుడు తెల్లవారుసరికి సుంకరి గుడిసె ముందే నిలిచెనట. తుడిచిన వ్రాత యంత్రమునకు తగిలించినపుడు తిరిగి పైకి తేలవచ్చును. తుడిచిన గుర్తే అనుమానమునకు హేతువు కావచ్చును.

102వ సెక్షనులో మరియొక మాట కలదు. స్త్రీని స్త్రీయే సోదా చేయవలెను. 1962లో ఆ నియమము వ్రాసినవారు ఆమె ఒంటిని, వస్త్రములను తలచిరి. నేడు ఆమె ఛాయాపటములు, వైద్యపత్రములు, తల్లికి వ్రాసుకొన్న మాటలు చేతిసంచిలోని ఫోనులో నున్నవి. ఆ ఫోనును ఎవరి చేతికి ఈయవలెనను విషయమున ఆ సెక్షను మౌనము వహించినది.