పాఠాన్ని ఆరు ముక్కలు చేసిన పనితనం

తరగతిలో ఒక పిల్లవాణ్ణి తక్కినవాళ్లు చేరి ఏడిపిస్తున్నారని తెలిస్తే బడి మామూలుగా రెండు పనులు చేస్తుంది. ఏడిపించినవాళ్లను పిలిచి చీవాట్లు పెడుతుంది. లేదా ఉదయం ప్రార్థనలో అందరినీ వరసగా నిలబెట్టి, మనమంతా ఒకటేనని చెబుతుంది. రెండూ అవసరమే. కానీ మర్నాడు గదిలో ఏమీ మారదు. కళ్లద్దాల పిల్లాడు సోడాబుడ్డిగానే మిగులుతాడు, మాట తడబడే పిల్ల చెయ్యెత్తదు. 1971లో అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో ఎలియట్ ఆరన్‌సన్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకో దారి పట్టారు. పిల్లల గుణం మార్చే పని పెట్టుకోలేదు. పాఠం నడిచే తీరును విప్పి, మళ్లీ బిగించారు. ముక్కలు కలిపితే బొమ్మ అయ్యే ఆట పేరు మీద జిగ్‌సా క్లాస్‌రూమ్ అని పేరు పడిన ఆ పద్ధతిలో ప్రతి మర మీదా ఒక మనిషి ఆలోచన కనబడుతుంది. నన్ను ఆకట్టుకున్నది ఆ పనితనమే.

తెల్ల పిల్లలకూ నల్ల పిల్లలకూ వేర్వేరు బడులు పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1954లో తీర్పు చెప్పింది. అమలు మాత్రం ఏళ్ల తరబడి సాగింది. 1971 నాటికి ఆస్టిన్ బడుల్లో తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాల పిల్లలు ఒకే గదిలో కూర్చునే పరిస్థితి వచ్చింది. కూర్చున్న కొద్ది వారాల్లోనే వరండాల్లో, ఆటస్థలాల్లో కొట్లాటలు మొదలయ్యాయి. ఆరన్‌సన్ అప్పుడు అక్కడి టెక్సస్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నారు. బడుల యంత్రాంగంలో ఉన్న ఆయన పాత శిష్యుడొకరు, ఏదైనా చేయండని కబురు పెట్టారు.

ఆయన మొదటి మంచి పని ఇక్కడే ఉంది. కొట్లాటలు జరిగే చోటు వదిలేసి, పాఠం జరిగే చోటికి వెళ్లారు. తన విద్యార్థులతో కలిసి తరగతుల్లో వెనక కూర్చుని ఊరికే చూశారు. టీచరు ప్రశ్న అడుగుతుంది. ఆరుగురో ఎనిమిదిమందో పిల్లలు బెంచీల మీంచి లేచిపోయేంతగా చేతులు ఊపుతారు. మిగతావాళ్లు టీచరు చూపు తమ మీద పడకుండా తల దించుకుంటారు. ఒకణ్ణి లేపగానే చేతులెత్తిన తక్కినవాళ్లంతా నిట్టూరుస్తారు. వాడు తప్పు చెబితే వాళ్ల ముఖాలు వెలుగుతాయి, ఎందుకంటే అవకాశం మళ్లీ తమకు వస్తుంది. ఒకడి ఓటమే పక్కవాడికి లాభమయ్యే ఆట అది, రోజూ ఆరు గంటలు సాగేది. ఆ ఆటలోకి అప్పటిదాకా చాలీచాలని బడుల్లో చదివిన పిల్లల్ని తెచ్చి దింపారు. వాళ్లు ఓడిపోతారని ముందే రాసిపెట్టినట్టే. ఓడినవాణ్ణి మొద్దు అనడం, గెలిచినవాణ్ణి పొగరుబోతు అనడం ఎంతసేపు?

మన బడుల్లో పనిచేసేవారెవరికైనా ఈ దృశ్యం కొత్త కాదు.

ఒకే చోట కూర్చోబెట్టినంత మాత్రాన మనుషులు దగ్గర కారని మనస్తత్వ శాస్త్రవేత్త గార్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే రాశారు. దగ్గర కావాలంటే సమాన హోదా ఉండాలి, అందరికీ ఒకే లక్ష్యం ఉండాలి, పైవాళ్ల మద్దతు ఉండాలి. చదివితే సబబుగానే ఉంటుంది. కానీ మంగళవారం పదిన్నరకు అయిదో తరగతి సోషల్ పీరియడులో సమాన హోదాను తెచ్చేదెలా? ఆరన్‌సన్ ఇచ్చిన జవాబుకు ఖర్చు కత్తెర, కొన్ని కాగితాలు.

పిల్లల్ని ఆరుగురి చొప్పున జట్లు చేసి, జట్టుకొకరిని నాయకుడిగా పెడతారు. ప్రతి జట్టులో జాతి, ఆడామగా, చదువులో ముందువెనకలు అన్నీ కలిసేలా చూస్తారు. ఒక జీవిత చరిత్రను ఆరు పేరాలుగా రాసి, కత్తిరించి, తలా ఒకటి ఇస్తారు. మిగతా అయిదు పేరాలు చదివే వీలు ఎవరికీ లేదు. పుస్తకంలో లేవు, బోర్డు మీద లేవు, టీచరు చెప్పదు. అవి తెలిసేది ఆ పేరా చదివిన తోటివాడి నోటి వెంటే. చివర్లో పరీక్ష ఉంటుంది, ఆరు పేరాల మీదా. ఆ పరీక్ష ఎవరిది వాళ్లే రాయాలి.

ఈ చివరి సంగతి దగ్గర కాస్త ఆగాలి. గ్రూప్ ప్రాజెక్టు అనగానే మనకు తెలిసిందేమిటి? ఒకరిద్దరు చేస్తారు, అయిదుగురు పేర్లు రాసుకుంటారు, మార్కులు అందరికీ ఒకటే. దాంతో చేసినవాళ్లకు ఒళ్లు మంట, చేయనివాళ్లకు చిన్నచూపు. ఆరన్‌సన్ ఆ ఉచ్చులో పడలేదు. మార్కు ఎవరిది వాళ్లదే, కానీ ఆ మార్కు రావడానికి కావలసిన సరుకు మాత్రం అయిదుగురి దగ్గర ఉంది. ఆశ ఉన్న పిల్లవాడి ఆశను తుంచకుండా, దాన్నే పక్కవాడి వైపు తిప్పారు.

రెండో మెలిక ఇంకా నేర్పుగా ఉంటుంది. చదువులో వెనకబడిన పిల్లకు ఒక పేరా ఇచ్చి, ఒక్కదాన్నే అందరి ముందు చెప్పమంటే ఏమవుతుంది? పాత అవమానమే కొత్త వేషంలో వస్తుంది. అందుకని ఒకే పేరా వచ్చిన పిల్లలంతా వేర్వేరు జట్ల నుంచి లేచి ముందు ఒకచోట చేరతారు. ఇందులో ముఖ్యమైనదేమిటో మాట్లాడుకుంటారు, ఎలా చెప్పాలో ఒకరికొకరు చెప్పి చూసుకుంటారు. ఆ తర్వాతే సొంత జట్టుకు తిరిగి వెళతారు. వెళ్లేటప్పటికి ఆ పిల్ల చేతిలో సిద్ధమైన మాట ఉంటుంది.

టీచరు పనిని కూడా ఇంతే శ్రద్ధగా దిద్దారు. ఆమె జట్ల మధ్య తిరుగుతూ ఉండాలి. ఎవరైనా పెత్తనం చేస్తున్నా, అల్లరి చేస్తున్నా తాను కలగజేసుకోవడం కంటే, ఆ జట్టు నాయకుడి చెవిలో ఏం చేయాలో మెల్లగా చెప్పడం మేలు. గద్దించిన మాట ఒకణ్ణి నలుగురిలో నిలబెడుతుంది. చెవిలో చెప్పిన మాట జట్టుకే తన వ్యవహారం తాను చూసుకోవడం నేర్పుతుంది.

ఇదంతా మొదటి రోజునుంచే సాఫీగా జరిగిందని ఆరన్‌సన్ ఎక్కడా అనరు. ఆయన రాసినవాటిలో కార్లోస్ అనే మారుపేరుతో ఒక కుర్రాడు ఉంటాడు. ఇంట్లో మాట్లాడేది స్పానిష్, ఇంగ్లీషులో యాస. ఒకప్పుడు టీచరు లేపితే తడబడ్డాడు, పిల్లలు నవ్వారు. పాపం అనుకుని ఆమె అతణ్ణి లేపడం మానేసింది. ఆ జాలి వల్ల కార్లోస్ తరగతిలో ఉండీ లేనివాడయ్యాడు. జిగ్‌సా వచ్చాక దాక్కునే చోటు లేకపోయింది. జట్టు చదువుతున్నది పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ జీవితం. కార్లోస్ తన పేరా చెప్పబోయి తడబడ్డాడు, చెమటలు పట్టాయి. జట్టులో ఒక పిల్ల, నీకేం రాదు, మొద్దువి అని మొదలుపెట్టింది.

అక్కడున్న పరిశోధక సహాయకురాలు ఏం చేసిందో చూడండి. తప్పు అనలేదు, క్షమాపణ చెప్పించలేదు. అలా అనడం మీకు సరదాగా ఉండొచ్చు, కానీ దానివల్ల పులిట్జర్ గురించి మీకేమీ తెలియదు, పరీక్ష ఇంకో గంటలో ఉంది అన్న అర్థం వచ్చేలా చెప్పి పక్కకు తప్పుకుంది. అంతే. వెక్కిరింతకు అప్పటిదాకా లేని ధర ఒకటి వచ్చింది. కొన్ని రోజులు పట్టింది కానీ పిల్లలు దారి కనిపెట్టారు. కార్లోస్ ఆగినచోట చిన్న ప్రశ్న వేయడం, జవాబు కోసం ఓపిక పట్టడం నేర్చుకున్నారు. ప్రశ్న అడిగితే కార్లోస్ చక్కగా చెప్పగలడని తేలింది. రెండు మూడు వారాలకు, మనం అనుకున్నంత మొద్దేం కాదు అనే అభిప్రాయానికి వచ్చారు. ఆ అభిప్రాయం ఎవరో చెబితే వచ్చింది కాదు, అవసరం కొద్దీ అతని మాట వినగా వచ్చింది. ఇక్కడ నాకు ఇంకో సంగతి తోస్తుంది. పులిట్జర్ కూడా హంగరీ నుంచి ఇంగ్లీషు సరిగ్గా రాకుండా అమెరికా చేరిన కుర్రాడే. ఆ కథ కార్లోస్ నోట రావడం ఎంత బాగుంది!

ఈ పద్ధతి వల్ల పిల్లల లోపల ఏం జరుగుతుందో ఆరన్‌సన్ శిష్యురాలు డయాన్ బ్రిజ్‌మన్ పరీక్షించి చూశారు. పదేళ్ల పిల్లలకు ఒక బొమ్మల కథ చూపించారు. ఒక అబ్బాయి విమానాశ్రయంలో నాన్నను సాగనంపి దిగులు పడతాడు. తర్వాత పోస్ట్‌మన్ ఒక పొట్లం తెచ్చిస్తాడు. విప్పితే బొమ్మ విమానం. అబ్బాయి ఏడుస్తాడు. ఎందుకేడ్చాడంటే, నాన్న గుర్తొచ్చి అని దాదాపు అందరూ చెబుతారు. అసలు ప్రశ్న ఆ తర్వాతది: పోస్ట్‌మన్ ఏమనుకుని ఉంటాడు? మామూలు తరగతి పిల్లల్లో చాలామంది, తమకు తెలిసింది అతనికీ తెలుసన్నట్టు జవాబు చెప్పారు. జిగ్‌సాలో చదివిన పిల్లలు, పోస్ట్‌మన్ విమానాశ్రయంలో లేడు కదా, ఎందుకేడుస్తున్నాడో అతనికి అర్థం కాదు అని పట్టుకోగలిగారు. ఎదుటివాడు నిలబడ్డ చోట నిలబడి చూడటమంటే ఇదే. నీతి పాఠం లేకుండా, మామూలు పాఠాలే చదువుతూ చదువుతూ వాళ్లు దీన్ని సంపాదించుకున్నారు.

ఆస్టిన్ ఫలితాలను ఆరన్‌సన్ బృందం వరసగా ప్రచురించింది. జాతుల గీత దాటి స్నేహాలు పెరిగాయి. బడి అంటే ఇష్టం పెరిగింది, మానేయడం తగ్గింది. నల్ల, మెక్సికన్ పిల్లల మార్కులు పెరిగాయి, తెల్ల పిల్లల మార్కులు తగ్గలేదు. ఈ పద్ధతి మీద 1978లో పుస్తకం వచ్చింది. 1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు పన్నెండుమంది తోటి విద్యార్థుల్ని, ఒక ఉపాధ్యాయుణ్ణి కాల్చి చంపిన తర్వాత, ఆయన ఈ పద్ధతిని మళ్లీ ముందుకు తెచ్చారు. ఆ ఇద్దరి మనసులో ఏముందనేది ఈనాటికీ వాదులాటే. ఆరన్‌సన్ 2000లో రాసిన పుస్తకం అడిగింది వేరు: ప్రతి బడిలోనూ కొందరిని రోజూ వెలివేసే వాతావరణం ఉంది, దాన్నేం చేద్దాం? ఆ ప్రశ్న ఆయనకు పరాయిది కాదు. మసాచుసెట్స్‌లోని రివీర్‌లో, యూదుల ఇల్లు తమదొక్కటే ఉన్న వాడలో, తొమ్మిదేళ్ల వయసులో ఆయన దెబ్బలు తిన్నారు. వీళ్లకు నేను తెలియకుండానే నామీద ఇంత ద్వేషం ఎందుకని ఆలోచించిన పిల్లవాడు ఆయన.

దీనికి హద్దులున్నాయి. ఫ్రాన్స్‌లో చేసిన అయిదు ప్రయోగాల ఫలితాలు 2022లో వచ్చాయి. ఈ పద్ధతి వల్ల చదువు ప్రత్యేకంగా మెరుగైనట్టు వాటిలో కనబడలేదు. ఒకదాని మీద ఒకటి కట్టుకుంటూ పోయే లెక్కల పాఠాన్ని ఆరు ముక్కలు చేస్తే ఆరూ అర్థం కావు. ఒక పిల్లవాణ్ణి నిజంగా కొడుతుంటే, డబ్బులు గుంజుకుంటుంటే పెద్దవాళ్లు అడ్డం పడాలి, జట్లు చేసి కూర్చోబెట్టడం జవాబు కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చుకున్నాం. అది మంచి పని. కానీ నాలుగో తరగతిలో ఒక పిల్లను ఎవరూ ఆటలో చేర్చుకోకపోవడం ఏ చట్టానికీ అందదు. అందేది పాఠానికే. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీసిన బడుల్లో ఈ పద్ధతికీ చోటు ఉండదు. తేడాలన్నీ గోడకు అవతల పెట్టాక జట్టులో కలపడానికి ఏం మిగులుతుంది?

కలిసి చదివే పిల్లలున్న చోట కత్తెర పట్టే టీచరుకు అసలు పని కోతలోనే ఉంది. గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పాఠమే తీసుకోండి. 1821లో మద్రాసుకు రావడం ఒక ముక్క. తంజావూరులో కావేరి పనులు, 1836 నాటి కొల్లిడం ఆనకట్టలు ఒకటి. గోదావరి డెల్టాలో కరవు, ఆయన పంపిన నివేదిక ఒకటి. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం ఒకటి. ఆ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న ఒకటి. ఇంగ్లండులో రైళ్లా కాలువలా అన్న వాదన, 1899లో మరణం ఆరోది. ఒకరికి పుట్టినతేదీ రెండు వాక్యాలు, ఇంకొకరికి ఆనకట్ట మొత్తం ఇస్తే మొదటివాడి మాట ఎవరికీ అక్కర్లేదు, పద్ధతి అక్కడే కూలిపోతుంది. ఆరు ముక్కలూ సమానంగా బరువుండాలి. ప్రతిదీ విడిగా చదివినా అర్థం కావాలి. ప్రశ్నపత్రంలో ప్రతిదానికీ ప్రశ్న ఉండాలి. వరికోతల రోజుల్లో పిల్లలు మానేసే ఊళ్లయితే జట్టుకు ఏడుగుర్ని పెట్టుకుని, వీరన్న ముక్కను ఇద్దరికి ఇవ్వడం మంచిది.