తూర్పు వైపు కుర్చీ

పోయిన సంక్రాంతికి మా కోడలు కాలిఫోర్నియా నుంచి తిరువూరు వస్తూ ఒక చెక్కపెట్టె తెచ్చింది. తెరిస్తే లోపల 144 బిళ్ళలు, వేలెడంత కూడా లేవు. మాజాంగ్ అట. అక్కడ పక్కింటి చైనా ఆవిడ దగ్గర నేర్చుకుందట. "మీరు జాయ్ లక్ క్లబ్ పాఠం చెప్పేవారు కదా అత్తయ్యా, మీకీ ఆట వచ్చే ఉంటుంది" అంది.

రాదు. చెప్పడానికి సిగ్గేసింది. ఎమీ టాన్ 1989లో రాసిన ఆ నవలని ఎమ్మే పిల్లలకి ఏళ్ళ తరబడి చెప్పాను. తల్లీకూతుళ్ళ సంబంధం గురించి, వలస గురించి, అస్తిత్వం గురించి గంటలు గంటలు మాట్లాడాను. నలుగురు ఆడవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటని మాత్రం, ఏదో చైనా అలంకారం అనుకుని దాటేశాను. నా చదువులో ఎంత లోటుందో ఆ పండక్కి తెలిసొచ్చింది.

ఆట రమ్మీకి దగ్గర చుట్టం. రమ్మీలో 13 ముక్కలు, ఇందులో 13 బిళ్ళలు. ఒకటి తియ్యాలి, ఒకటి పారెయ్యాలి. చుక్కలు, వెదుళ్ళు, చైనా అంకెలు అని మూడు రకాలు. ఒక్కో రకంలో ఒకటి నుంచి తొమ్మిది దాకా, ఒక్కోటీ నాలుగేసి. ఇవి కాక నాలుగు దిక్కుల గాలులు, మూడు డ్రాగన్లు, అవీ నాలుగేసి. పూలూ ఋతువులూ కలిపి మరో ఎనిమిది. బిళ్ళల్ని బోర్లించి కలిపి, నలుగురూ తలా ఒక గోడ కడతారు. తూర్పు వైపు కూర్చున్న మనిషి 14 బిళ్ళలు తీసుకుని, ఒకటి పారేసి ఆట మొదలుపెడుతుంది. ఆట కుడివైపుకి తిరుగుతుంది. మూడేసి బిళ్ళల జట్లు నాలుగు, ఒక జత కలిస్తే గెలుపు. జట్టు అంటే వరస అంకెలైనా కావచ్చు, ఒకే బిళ్ళ మూడుసార్లైనా కావచ్చు.

అసలు కిటుకు పారేసిన బిళ్ళలో ఉంది. వరస కోసమైతే మన ఎడమవైపు మనిషి పారేసింది మాత్రమే అందుకోవచ్చు. అదే మన దగ్గర ఒకేలాంటివి రెండుంటే, మూడోది ఎవరు పారేసినా వెంటనే అడిగి తీసుకోవచ్చు. ఒకరు వద్దనుకున్నది ఇంకొకరి ఆటని నిలబెడుతుంది.

కోడలు ఇది చెబుతుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా నాన్న పేకాడేవారు. మామిడి కాపు అమ్మిన డబ్బు చేతికొచ్చే రోజుల్లో మా వసారాలోనే చాపలు పరిచేవారు. అమ్మ టీలు ఇస్తూ, పకోడీలు వేస్తూ, ఖాళీ గ్లాసులు తీస్తూ వాళ్ళ వెనకే తిరిగేది. ఏనాడూ ముక్క పట్టుకోలేదు. ఒకరాత్రి వంటింట్లో నాతో అంది: "మీ నాన్న తన చేతిలో ముక్కలే చూసుకుంటారే. అవతలివాళ్ళు ఏం పారేస్తున్నారో చూడరు. అందుకే పోతాయి." ఆ ఏడు పోయింది అమ్మ గొలుసు. ఆడింది ఆయన, ఒడ్డింది ఆమెది.

నవల మొదటి కథలో తల్లి సుయువాన్ సరిగ్గా ఈ మాటే కూతురితో అంటుంది. కూతురు జింగ్-మెయ్‌కి యూదు స్నేహితుల ద్వారా తెలిసిన మాజాంగ్ వేరు. అమెరికాలో ఈ ఆట 1920ల నుంచీ ఉంది. న్యూయార్క్‌లో యూదు స్త్రీలు 1937లో ఒక లీగ్ పెట్టుకుని తమ నియమాలు తాము రాసుకున్నారు. సుయువాన్‌కి అది ఆటలాగే కనిపించదు. వాళ్ళు కళ్ళతో ఆడతారు, చైనా మాజాంగ్ బుర్రతో ఆడాలి, ఎవరేం పారేశారో గుర్తుంచుకోవాలి అంటుంది. ఈ మాటని నేను తల్లి గారాబపు గర్వంగానే పాఠం చెప్పాను. అది నవలని చదివే పద్ధతి అని ఇప్పుడనిపిస్తోంది.

నిర్మాణమే చూడండి. పూర్తి మాజాంగ్‌లో నాలుగు ఆవృత్తాలు, ఒక్కో ఆవృత్తంలో కనీసం నాలుగు ఆటలు. నవలలో నాలుగు భాగాలు, ఒక్కో భాగంలో నాలుగు కథలు. మొత్తం 16. నాలుగు కుటుంబాల తల్లీకూతుళ్ళయితే ఎనిమిది గొంతులుండాలి, కానీ ఏడే. సుయువాన్ చనిపోయింది. తూర్పు వైపు ఆమె కుర్చీలో కూతురు కూర్చుంటుంది, ఆమె వంతు కథలూ కూతురే చెబుతుంది.

ఇక పారేసినవి. యుద్ధకాలంలో క్వెయ్‌లిన్ నుంచి పారిపోతూ సుయువాన్ దారిలో ఒక్కో సామానూ వదిలేస్తుంది. చివరికి కవల ఆడపిల్లల్ని కూడా రోడ్డు పక్కన వదులుతుంది, ఎవరైనా అందుకుంటారన్న ఆశతో, నగలూ చీటీ వాళ్ళ దగ్గర పెట్టి. పాఠకులు చాలామంది అక్కడ ఆమెని దోషిగానో త్యాగమూర్తిగానో చూస్తారు. ఆట తెలిస్తే మూడోది కనిపిస్తుంది. అన్నీ ఉంచుకోగలిగే వీలు ఆటలో ఎవరికీ ఉండదు. వదిలినదాన్ని బల్ల దగ్గర మిగిలిన ఆడవాళ్ళు గుర్తుంచుకుంటారా లేదా అన్నదే ప్రశ్న. నవలలో వాళ్ళు గుర్తుంచుకుంటారు. ఆ పిల్లల సంగతి జింగ్-మెయ్‌కి చెప్పి, చైనా వెళ్ళడానికి 1200 డాలర్ల చెక్కు చేతిలో పెడతారు. చివరి కథలో ఆ జతకి మూడో అక్కచెల్లెలు చేరుతుంది.

ఇంకో సంగతి కూడా ఇదివరకు పట్టించుకోలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ ఆడవాళ్ళు పందెం పద్ధతి మార్చేస్తారు. డబ్బంతా కలిపి షేర్లలో పెట్టి లాభనష్టాలు సమంగా పంచుకుంటారు. ఎప్పుడూ ఒకరే గెలిచి ఒకరే ఓడిపోకూడదని. ఆట మానలేదు, ఓటమి ఒకరి కొంప ముంచకుండా చేశారు. మన దగ్గర రమ్మీ మీద 1967లో సుప్రీంకోర్టు తీర్పుంది. సికింద్రాబాదు క్లబ్బొకదాని కేసు. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని కోర్టు అంది. ఆ లెక్కన మా వసారాలో నైపుణ్యం ఉన్నది టీ ఇచ్చే మనిషికి. కుర్చీ మాత్రం ఆమెకి లేదు.

మన సాహిత్యంలో ఆ చోటు ఎవరికి దక్కింది? కన్యాశుల్కంలో మధురవాణి మగవాళ్ళతో పేకాడుతుంది. ఆమె వేశ్య కాబట్టి ఆడగలిగింది, సంసారి స్త్రీకి గురజాడ కూడా ముక్కలు పంచలేదు. అలాగని బల్ల దగ్గర ఆడవాళ్ళు చేరితే చాలు, సోదరీత్వం వచ్చేస్తుందనీ కాదు. ఐలీన్ చాంగ్ కథ 'లస్ట్, కాషన్' (2007లో ఆంగ్ లీ సినిమాగా తీశాడు) జపాన్ ఆక్రమించిన షాంఘైలో మాజాంగ్ బల్ల దగ్గరే మొదలవుతుంది. అక్కడి భార్యల చూపంతా ఒకరి వజ్రపుటుంగరం మీద ఒకరికి. గూఢచారిగా వాళ్ళలో చేరిన అమ్మాయిని చంపించాక కూడా ఆట, నవ్వులు సాగుతూనే ఉంటాయి. ఎమీ టాన్ బల్లని ఈ బల్ల పక్కన పెట్టి చదవాలి. తెల్ల పాఠకులకి నచ్చే చైనాని అమ్ముతోందని ఎమీ టాన్‌ని ఫ్రాంక్ చిన్ దుయ్యబట్టాడు. ఆ విమర్శలో కొంత నిజముంది. చైనా అంతా బాధ, అమెరికా అంతా విముక్తి అన్నట్టు సాగే పేజీలు ఆ నవలలో ఉన్నాయి. కానీ పందెం మార్చిన ఆ నలుగురిని ఆ విమర్శ కొట్టెయ్యలేదు.

మా ఇంట్లో ఆటకి నలుగురు కావాలి. నేను, మా చెల్లెలు, కోడలు. ముగ్గురమే అయ్యాం. మా ఇంట్లో పనిచేసే ఆమెని నాలుగో మనిషిగా పిలిచాం. "నాకు చదువు రాదమ్మా" అంది. ఆ చైనా అక్షరాల ముందు మేమంతా నిరక్షరాస్యులమే అని చెబితే నవ్వి కూర్చుంది. మూడో ఆట ఆమే గెలిచింది. నేను ఏ బిళ్ళలు పారేస్తున్నానో మొదటి నుంచీ చూస్తోంది. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకి మన చేతిలో ఏముందో మనకంటే ముందే తెలుస్తుందేమో.

ఆట అయ్యాక నలుగురి టీ గ్లాసులూ ఆమే కడిగింది. నేను లేవలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక బిళ్ళలు పెట్టెలో సర్దుతుంటే ఆ సంగతి తట్టింది. తూర్పు వైపు కుర్చీలో కూర్చున్నానని సంబరపడుతూ, అమ్మ నిలబడిన చోట ఇంకొకర్ని నిలబెట్టాను.