గీత ఎక్కడికి పోయింది?

ఆగస్టులో టెక్సాస్ ప్రభుత్వం ఒక వారాంతం మూడు రోజుల పాటు బడి సామానుకు అమ్మకపు పన్ను మినహాయిస్తుంది. డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో దుకాణాల్లో ఆ మూడు రోజులూ తెలుగు గట్టిగానే వినిపిస్తుంది. నోటు పుస్తకాలు, జిగురు, బ్యాగులు చకచకా బండిలో పడిపోతాయి. అమ్మానాన్నలు ఆగిపోయేది కాలిక్యులేటర్ల దగ్గర. మినహాయింపు జాబితాలో కాలిక్యులేటర్ ఉంది, అయితే వస్తువు ధర వంద డాలర్ల లోపు ఉండాలి. టీచర్లు ఎక్కువగా అడిగే టీఐ-84 ప్లస్ సీఈ మామూలుగా వంద దాటే ఉంటుంది. బడి అడిగిన సామానులో అన్నిటికన్నా ఖరీదైనదానికే పన్ను తప్పదన్నమాట.

అక్కడ నిలబడ్డ ఒక నాన్నకు ఆ ధర కన్నా ఆ వస్తువే వింత. ఇంటర్‌లో ఆయన లెక్కలన్నీ లాగరిథం పట్టికతో గట్టెక్కాయి. కాలిక్యులేటర్ జేబులో పెట్టుకుని పరీక్ష హాల్లోకి వెళ్లడమంటే డిబారే. ఇంజనీరింగ్‌లో చేరాక కాసియో ఎఫ్ఎక్స్-991 చేతికొచ్చిన రోజున హాస్టల్ అంతా తిప్పి చూపించాడు. జేఈఈ రాసే పిల్లలకు ఇప్పటికీ కాలిక్యులేటర్ లేదు. ఇక్కడేమో ఏపీ కాలిక్యులస్ పరీక్షలో 1995 నుంచి గ్రాఫింగ్ కాలిక్యులేటర్ తప్పనిసరిగా వాడాల్సిన భాగాలున్నాయి. (ఏపీ అంటే మన ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. ఫోన్లో అమ్మమ్మలకు ఈ సంగతి రెండుసార్లు చెప్పాలి.)

“లెక్క నువ్వు చేస్తావా, అది చేస్తుందా?” ఆయన కూతుర్ని అడిగే ప్రశ్న ఇదే. ఆ పిల్ల దగ్గర దీనికి జవాబు లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు, ఇంకా తొమ్మిదో తరగతే.

గ్రాఫ్ గీసే కాలిక్యులేటర్‌ను ముందు మార్కెట్లోకి తెచ్చింది కాసియో, 1985లో. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (టీఐ) 1990లో టీఐ-81తో వెనక వచ్చి ముందుకు దూకింది. ఈ కంపెనీది డాలస్. 1958లో జాక్ కిల్బీ అక్కడే ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ తయారుచేశాడు. 1967లో సహచరులు మెరీమన్, వాన్ టాసెల్‌లతో కలిసి చేతిలో పట్టే కాలిక్యులేటర్ నమూనా చేసిందీ ఆయనే. అయితే అమెరికా తరగతి గదులు టీఐ వశమైంది చిప్పుల వల్ల మాత్రమే కాదు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్లు బర్ట్ వెయిట్స్, ఫ్రాంక్లిన్ డిమానా గ్రాఫ్‌తో లెక్క చెప్పడమెలాగో టీచర్లకు శిక్షణ ఇస్తూ వచ్చారు, కంపెనీ ఆ శిక్షణ వెనక నిలబడింది. టీచరు చేతికి ఒక యంత్రం అలవాటైతే ఆ తర్వాత పాతికేళ్ల పాటు పిల్లల చేతుల్లోనూ అదే ఉంటుంది.

అందుకే కొనే ముందు కంపెనీ వెబ్‌సైట్ చూడటం కన్నా లెక్కల టీచరుకు ఒక ఈమెయిల్ పెట్టడం మేలు. టీచరు తన కాలిక్యులేటర్‌ను తెరమీద వేసి “సెకండ్ నొక్కండి, ట్రేస్ నొక్కండి” అంటుంటే, పక్కన కాసియో పట్టుకున్న పిల్లకు ఆ మీటలే ఉండవు. కాసియో ఎఫ్ఎక్స్-9750 జీత్రీ దాదాపు సగం ధరకే వస్తుంది, హైస్కూలు లెక్కలన్నీ చేస్తుంది, పైగా ఆ మూడు రోజుల్లో పన్నూ ఉండదు. మాన్యువల్ తెరిచి తనంతట తాను నేర్చుకునే ఓపిక పిల్లకు ఉంటే అదే కొనాలి. లేదంటే తరగతి వెంట నడవడమే సుఖం.

ఇంజనీరు నాన్నలు బోల్తాపడే చోటు ఇంకొకటుంది. “ఇంకో నలభై డాలర్లు వేస్తే పైరకం వస్తుంది కదా” అని టీఐ-ఎన్‌స్పైర్ సీఎక్స్ టూ క్యాస్ కొంటారు. అది అంకెలతో ఆగదు. ఎక్స్, వైలను అక్షరాలుగానే ఉంచి సమీకరణం సాధించేస్తుంది. సరిగ్గా అందుకే కాలేజీ సీటు కోసం రాసే ఏసీటీ పరీక్షలో దానికి ప్రవేశం లేదు. 2025 ఆగస్టు నుంచి అలాంటిదే అయిన శాట్ పరీక్ష కూడా ఆ తలుపు మూసేసింది. పెదనాన్న కొడుకు ప్రేమగా ఇచ్చిన పాత టీఐ-89దీ అదే గతి.

పాతది కొనడంలో మాత్రం తప్పులేదు. 2004 నాటి టీఐ-84 ప్లస్ నాలుగు చిన్న బ్యాటరీలతో నడుస్తుంది, తెర మీద అడ్డంగా 96, నిలువునా 64 చుక్కలే. సీఈలో రంగులు, 320కి 240 చుక్కలు, ఛార్జింగ్ వైరు. రెండిటి బుర్రా 1976 నాటి జెడ్80 వంశానిదే, సీఈది వేగం ఎక్కువ. అయితే పసుపు పచ్చ తొడుగున్నది ఎవరైనా చవగ్గా అమ్మజూపితే వదిలేయాలి. బడుల సొత్తు దూరం నుంచే గుర్తుపట్టడానికి టీఐ వేసే రంగది.

అసలు కొనాలా? 2024 మార్చి నుంచి అమెరికాలో శాట్ కంప్యూటర్ మీదే. అందులో డెస్మోస్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఉచితంగా తెరమీదే దొరుకుతుంది. బడి అరువిస్తుంటే మొదటి ఏడాది ఆ అరువుదే వాడుకోవచ్చు. ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పరు.

మన నాన్న చివరికి సీఈయే కొన్నాడు, పన్నుతో సహా. రెండు నెలలు పిల్ల దానితో కుస్తీ పట్టింది. మైనస్‌కు రెండు మీటలెందుకో అర్థంకాక తీసివేత మీటతో లెక్క మొదలుపెట్టి తప్పు మీద తప్పు చూసింది. ఎక్స్ స్క్వేర్ ప్లస్ 50 గీయమంటే ఖాళీ తెరొచ్చింది. ఆ పారబోలా 50 దగ్గర మొదలవుతుంది మరి, తెరేమో 10 దగ్గరే ముగిసిపోతుంది.

ఒక సాయంత్రం వచ్చి, “నాన్నా, ఇది పాడైపోయింది. సైన్ వేవ్ రావట్లేదు,” అంది.

తెరమీద అలల్లేవు. ఎక్స్ అక్షాన్ని అంటుకుని తిన్నగా ఒక గీత. ఆయన బిల్లు ఎక్కడ పెట్టాడో గుర్తుచేసుకుంటుండగా పాత పట్టికలోని ఒక అంకె తట్టింది. సైన్ పది డిగ్రీలు, 0.1736. మైనస్ 10 నుంచి 10 దాకా పరిచిన తెరమీద అది ఒకటి రెండు చుక్కల ఎత్తు.

“డిగ్రీల్లో ఉందమ్మా. మోడ్ నొక్కి రేడియన్లకు మార్చు.”

మార్చింది. మూడు అలలు లేచాయి. కానీ మరీ బుల్లివి.

“ఇంతేనా?” అంటూ ఆ పిల్లే విండో మీట నొక్కి, వై గరిష్ఠం దగ్గరున్న 10ని చెరిపి 2 కొట్టింది.